భుజాన వేసుకునే సంచికి ఒక కొలత చెప్పండి: విమానయాన అధికారులకు, సంస్థలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,
పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ), పౌర విమానయాన భద్రతా బ్యూరో (బీసీఏఎస్) అధికారులకు,
హైదరాబాద్ నుంచి విమానాలు నడుపుతున్న సంస్థల యాజమాన్యాలకు,
శంషాబాద్ విమానాశ్రయ నిర్వాహకులకు,

విషయం: సీటు కింద పెట్టుకునే చిన్న సంచికి, అంటే పర్సనల్ బ్యాగుకు, అందరికీ ఒకే రూలు లేకపోవడం, దాని పేరుతో బోర్డింగ్ గేటు దగ్గర జరుగుతున్న వసూళ్లు.

నమస్కారాలు.

నేను తపాలా శాఖలో చాలాకాలం పార్సిల్ కౌంటర్ చూసి రిటైరయ్యాను. మల్కాజిగిరిలో ఉంటాను. మా ఇంట్లో ఒక కొక్కెం కాటా ఉంది. దాని పుణ్యమా అని మా కాలనీలో ఎవరు విమానం ఎక్కుతున్నా ముందు రోజు సాయంత్రానికి పెట్టెలు మా వరండాలోకి చేరతాయి. కూతురికి పురుడు పోయడానికి అమెరికా వెళ్లే తల్లులు, సెలవు మీద వచ్చి తిరిగి దుబాయ్ వెళ్లే కుర్రాళ్లు, ఆగస్టులో ఎమ్మెస్ చదువుకు బయల్దేరే పిల్లలు, ఇంటర్వ్యూ కోసం మొదటిసారి విమానం ఎక్కేవాళ్లు, అందరూ వస్తారు. తూచడం, ఎక్కువైంది తీయించడం, మళ్లీ తూచడం నా పని. అందుకని జనం సంచుల్లో ఏముంటుందో, ఎందుకుంటుందో నాకు కాస్త తెలుసు.

ఈ మధ్య నేనూ మా ఆవిడా ఒక దేశీయ విమానంలో వెళ్లాల్సి వచ్చింది. చెరొక క్యాబిన్ పెట్టె, ఆవిడకు ఒక హ్యాండ్‌బ్యాగు, నాకు భుజానికి తగిలించుకునే చిన్న గుడ్డసంచి. కౌంటర్‌లో అన్నీ చూశారు, పెట్టెలకు ట్యాగులు కట్టారు. భద్రతా తనిఖీ కూడా అయిపోయింది. తీరా బోర్డింగ్ గేటు దగ్గర వేరే ఉద్యోగి నా గుడ్డసంచి చూసి ఇది రెండో బ్యాగు అని పక్కన నిలబెట్టారు. అందులో ఇన్సులిన్ పెన్ను, బీపీ మాత్రలు, డాక్టరు చీటీ, కళ్లద్దాలు, ఫోన్ చార్జరు, పవర్ బ్యాంకు ఉన్నాయని తెరిచి చూపించాను. "లేడీస్ బ్యాగయితే ఓకే అంకుల్, జెంట్స్‌కు లేదు" అన్నారు. వెనక లైను పెరిగిపోతోంది. డబ్బు కట్టాం. రసీదు మీద 'అదనపు సామాను' అని ఉంది తప్ప ఏ రూలు కింద తీసుకున్నారో లేదు.

ఇంటికొచ్చాక ఆ సంస్థకు ఈమెయిల్ రాశాను. మిషన్ పంపే జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే 'మా పాలసీ ప్రకారమే వసూలు చేశాం' అన్నారు. ఆ పాలసీలో ఏ పేరాలో ఉందో చెప్పమని అడిగాను. దానికి ఇప్పటిదాకా జవాబు లేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. కట్టిన డబ్బు కూడా పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఇలాంటి కథలు మా వరండాలో వేర్వేరు సంస్థల పేర్లతో వింటున్నాను. అందుకే అందరికీ కలిపి ఈ లేఖ.

ముందు రూల్స్ ఏం చెబుతున్నాయో చూద్దాం. మనిషికి ఒక్క చేతిసంచి అన్నది కొత్త మాట కాదు, 2000 నాటి భద్రతా సర్క్యులర్ల నుంచీ ఉంది. తనిఖీ యంత్రాల దగ్గర రద్దీ పెరుగుతోందని 2022 జనవరిలో బీసీఏఎస్ దాన్ని మళ్లీ గట్టిగా గుర్తుచేసింది. రద్దీ తగ్గాలన్న ఉద్దేశం మంచిదే, కాదనను. అయితే ఆ రూలుకు మినహాయింపులున్నాయి. ఒక్క సంచితో పాటు చేతిలో ఉండొచ్చని చెప్పినవి ఇవి: ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు, ఓవర్‌కోటు, దుప్పటి, కెమెరా లేదా బైనాక్యులర్, దారిలో చదువుకోవడానికి పుస్తకాలు, గొడుగు లేదా చేతికర్ర, పసిబిడ్డకు కావలసిన ఆహారం, బిడ్డను పడుకోబెట్టే బుట్ట, మడతపెట్టే వీల్‌చైర్ లేదా ఊతకర్రలు, డ్యూటీ ఫ్రీలో కొన్న కానుక, ల్యాప్‌టాప్.

ఈ జాబితాలో రోజూ వేసుకునే మందుల సంచి లేదు. పవర్ బ్యాంకు లేదు, ఆ రోజుల్లో అది ఎవరి దగ్గరా ఉండేది కాదు. బైనాక్యులర్ పట్టుకుని విమానం ఎక్కే మనిషిని మల్కాజిగిరిలో నేనింతవరకు చూడలేదు. షుగరు మాత్రలో బీపీ మాత్రలో లేకుండా ఎక్కే పెద్దవాళ్లనూ పెద్దగా చూడలేదు.

ఇక బరువు, కొలతల సంగతి. దేశీయ ఎకానమీ టికెట్‌కు చేతిపెట్టె 7 కిలోలు అన్నది దాదాపు అందరూ పాటిస్తున్నారు. కొలతల దగ్గరికొస్తే ఒక సంస్థ 55×35×25 సెంటీమీటర్లు అంటుంది, ఇంకో సంస్థ 55×40×20 అంటుంది. కూడితే రెండూ 115 సెంటీమీటర్లే. కానీ మొదటి కొలతకు సరిపోయే పెట్టె రెండో సంస్థ బ్యాగులు కొలవడానికి పెట్టే ఇనుప చట్రంలో దిగదు. చిన్న సంచి దగ్గరికొచ్చేసరికి పరిస్థితి ఇంకా అన్యాయం. ఒకరు 3 కిలోలని రాస్తారు, ఇంకొకరు చిన్న ల్యాప్‌టాప్ బ్యాగు అని వదిలేస్తారు. చిన్న అంటే ఎంతో గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగి ఇష్టం.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరుసగా చెబుతాను.

1. పెద్ద పెట్టెలో పెట్టొద్దని మీరు చెప్పినవే మా చిన్న సంచిలో ఉంటున్నాయి.

ఈ లేఖలో మిగతాదంతా చదవకపోయినా ఈ పాయింటు మాత్రం చదవండి. పవర్ బ్యాంకు చెక్-ఇన్ పెట్టెలో ఉంటే ఆ పెట్టెను విమానం ఎక్కనివ్వరు. సరైన రూలే. లిథియం బ్యాటరీ కింద సామాన్ల గదిలో అంటుకుంటే దాని దగ్గరికి ఎవరూ చేరలేరు. పైన క్యాబిన్‌లో అయితే సిబ్బంది చూస్తారు, ఆర్పుతారు. బ్యాటరీ ఎంత శక్తి దాచగలదో వాట్-అవర్లలో కొలుస్తారు; 100 వాట్-అవర్ల లోపుది చేతిలో ఉంచుకోవచ్చు, 100 నుంచి 160 మధ్యదానికి సంస్థ అనుమతి కావాలి, ఆపైన అసలు కుదరదు. మార్కెట్లో ఎక్కువగా దొరికే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు అవుతుంది. మా ఇంటికొచ్చేవాళ్లకు ఈ లెక్క కాగితం మీద వేసి ఇస్తుంటాను. పవర్ బ్యాంకు మీద అంకెలు చెరిగిపోయి ఉంటే ఇంట్లోనే వదిలేయమంటాను.

ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, అందుకే కింద సామాన్లలో వేయకుండా చేతిలో ఉంచుకోమని డాక్టర్లు చెబుతారు. రోజువారీ మందులదీ అంతే. పెట్టె ఇంకో ఊరికి పోతే పెద్దాయన రాత్రి మాత్ర ఎక్కడ వెతుక్కుంటాడు? బంగారం, నగదు, ముఖ్యమైన కాగితాలు చెక్-ఇన్‌లో పెడితే తమ పూచీ లేదని సంస్థల షరతుల్లోనే ఉంటుంది. దాంతో మనవరాలి బారసాలకు చేయించిన మురుగులు, అమెరికా వెళ్లే పిల్లవాడి ఒరిజినల్ సర్టిఫికెట్లు, అక్కడి కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం, పాస్‌పోర్టు అన్నీ భుజాన వేలాడే సంచిలోకే వస్తాయి. ఫోనూ కళ్లద్దాలూ చంటిబిడ్డ పాలసీసా సరే సరి.

అవి అక్కడ పెట్టొద్దన్నది మీరు. మా దగ్గరే ఉంచుకోమన్నదీ మీరు. అలా ఉంచుకున్నందుకు గేటు దగ్గర డబ్బు అడుగుతున్నదీ మీరే. ఈ మూడింటికీ ఎలా పొంతన కుదురుతుందో నాకు అర్థం కావడం లేదు.

2. మగవాళ్ల సంచికి చోటు లేదు.

ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగును మినహాయించడం న్యాయమే. రూలు రాసిన రోజుల్లో మగవాడికి జేబులు చాలు అనుకున్నారేమో. ఈ రోజు బైపాస్ అయిన అరవై ఏళ్ల మనిషి మందులు చొక్కా జేబులో పట్టవు. మా పక్కింటాయన నిద్రలో ఊపిరి ఆగకుండా వాడే సీప్యాప్ మిషన్ తీసుకెళ్లాల్సి వచ్చి, ప్రతి చోటా డాక్టరు చీటీ చూపించి వివరించుకోవాల్సి వచ్చింది. ఆయన వెళ్లింది కొడుకు ఇంటికి, పెళ్లి సామాను మోసుకుని కాదు.

3. గేటు దగ్గర పట్టుకుంటే మనిషికి దిక్కుండదు.

బయట డిపార్చర్ దగ్గర ఆపి సంచి ఎక్కువైందని చెబితే ఏదో ఒక దారి ఉంటుంది. దింపడానికి వచ్చిన బావమరిదో అల్లుడో ఉంటారు, తీసినవి వాళ్ల చేతికిచ్చి పంపొచ్చు. కౌంటర్ దగ్గర చెప్పినా పెద్ద పెట్టెలోకి నాలుగు వస్తువులు మార్చుకోవచ్చు. గేటు దగ్గరికొచ్చేసరికి అన్ని దారులూ మూసుకుపోతాయి. పెద్ద పెట్టె వెళ్లిపోయింది. వెంట వచ్చినవాళ్లు పుష్పక్ బస్సెక్కి సగం దారిలో ఉంటారు. చివరి పిలుపు వినిపిస్తుంటుంది. మిగిలినవి రెండే, డబ్బు కట్టడం లేదా వస్తువు చెత్తబుట్టలో పడేయడం.

జగిత్యాల వైపు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి శంషాబాద్ చేరిన గల్ఫ్ కార్మికుడికి ఆ సమయంలో వాదించే ధైర్యం ఉండదు. విమానం తప్పితే కొత్త టికెట్‌కు డబ్బు కావాలి, అటు చేరాల్సిన రోజు దాటితే ఉద్యోగానికే టెన్షన్. అమ్మ కట్టిచ్చిన సకినాల మూట అక్కడే వదిలేసి వెళ్లిన కుర్రాడి సంగతి వాళ్ల నాన్నే నాకు చెప్పాడు.

ఇందులో ఇంకో చిక్కుంది. చెక్-ఇన్ సామాను లేకుండా చేతిసంచితోనే వెళ్లేవాళ్లకు తక్కువ ధర టికెట్లు అమ్ముకోవచ్చని 2021 ఫిబ్రవరిలో డీజీసీఏ అనుమతించింది. వెబ్ చెక్-ఇన్ చేసుకున్న ఆ ప్రయాణికుడు కౌంటర్ ముఖమే చూడడు, నేరుగా తనిఖీకి వెళ్తాడు. అతని సంచిని తూచే మొట్టమొదటి మనిషి గేటు దగ్గరే ఎదురవుతాడు. తక్కువ ధరకు కొన్న టికెట్ కాస్తా మామూలు టికెట్ కంటే ఖరీదైపోతుంది.

4. తూచే కాటా ఎవరిది, దాని మీద ముద్ర ఉందా?

ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం విస్తరించి రాస్తాను, ఓపిక పట్టండి. పోస్టాఫీసులో ఎంత బరువుకు ఎంత రుసుమో జనానికి కనబడేలా పెట్టేవాళ్లం. పార్సిల్ తెచ్చినవాళ్లు ముల్లు ఎక్కడ నిలిచిందో వంగి చూసేవాళ్లు, చూడనిచ్చేవాళ్లం. గ్రాము అటూఇటూ అయితే గొడవ పెట్టుకునేవాళ్లు, అది వాళ్ల హక్కు.

తూకం వేసి డబ్బు తీసుకునే ప్రతి కాటానూ తూనికలు కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలని 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం చెబుతోంది. మోండా మార్కెట్లో కూరగాయలమ్మే అమ్మ కాటాకు వర్తించేదే బోర్డింగ్ గేటు కాటాకూ వర్తించాలి. కానీ గేటు దగ్గర కొన్నిచోట్ల కనిపిస్తున్నది చేత్తో ఎత్తిపట్టుకునే చిన్న డిజిటల్ కాటా. దాని మీద ముద్ర ఎక్కడుందో నాకు కనబడలేదు. చేయి ఊగితే అంకె ఊగుతుంది. మా వరండాలో 6 కిలోల 800 గ్రాములు తూగిన పెట్టె అక్కడికెళ్లేసరికి 7 కిలోల 300 అయితే ఏ కాటాను నమ్మాలి? నా కాటాకూ ముద్ర లేదనుకోండి, కాకపోతే నేను డబ్బు తీసుకోను.

కొన్నిసార్లు అసలు తూకమే ఉండదు. కంటితో చూసి 'పెద్దగా ఉంది' అంటారు.

5. ఏడు కిలోల్లో మా వాటా ఎంత?

చక్రాలున్న గట్టి క్యాబిన్ పెట్టె ఖాళీగానే రెండున్నర నుంచి మూడు కిలోలుంటుంది. మిగిలింది నాలుగు. పనిమీద వెళ్లే కుర్రాడి ల్యాప్‌టాప్, చార్జరు కలిపి రెండు దాకా పోతాయి. రెండు జతల బట్టలు, సబ్బూ దువ్వెనా పెట్టేసరికి అయిపోయింది. ఒక పట్టుచీర పెట్టమని అడిగితే మా ఆవిడకు నేనే కాదని చెప్పాల్సి వచ్చింది. చిన్న సంచిని కూడా ఈ ఏడు కిలోల్లోనే కలిపి తూచే సంస్థలకు ఈ లెక్క ఒకసారి వేసుకోమని మనవి. చక్రాల పెట్టె వదిలేసి తేలికపాటి గుడ్డ బ్యాగు వాడమని నేను చెబుతూనే ఉంటాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ సలహా పనికిరాదు.

6. పైన అరలు నిండినప్పుడు హడావిడి.

విమానంలో చోటు లేదని ఎక్కే ముందు క్యాబిన్ పెట్టెలు తీసుకుని కిందికి పంపుతారు. దీనికి డబ్బు తీసుకోరు, సరే. కానీ ఆ నిమిషంలో అందులోంచి పవర్ బ్యాంకు, మందులు, కాగితాలు తీసుకోవాలి. తీసి ఎక్కడ పెట్టుకోవాలి? చిన్న సంచిని కూడా పెట్టెలోనే కుక్కేయమని అప్పటికే చెప్పి ఉంటారు. ఒకావిడ మాత్రలన్నీ చీర కొంగులో మూటకట్టుకుని విమానమెక్కింది. గాభరాలో పవర్ బ్యాంకు తీయడం మరిచిపోతే అది కిందికే పోతుంది. మీరు భయపడుతున్న ప్రమాదం సరిగ్గా అదే కదా. చిన్న సంచిని అడ్డుకుంటే ఆ ప్రమాదం తగ్గడం లేదు, ఇంకా పెరుగుతోంది.

7. తెలుగులో ఎక్కడా లేదు.

హైదరాబాద్‌లో టికెట్ కొని, శంషాబాద్‌లో ఎక్కే తెలుగు మనిషికి సామాను రూల్స్ ఇంగ్లిషులో వస్తాయి. అదీ ఈమెయిల్ అడుగున లింకు రూపంలో, ఇంకో పేజీలో, నలుసంత అక్షరాల్లో. ఏజెంటు దగ్గర టికెట్ తీసుకున్న కార్మికుడికి ఆ ఈమెయిల్ కూడా రాదు. చేతికి వచ్చే కాగితంలో '7 కేజీ' అన్న ఒక్క ముక్క మాత్రం ఉంటుంది.

8. పచ్చడి, నెయ్యి, కొబ్బరికాయ.

దీని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. విదేశీ ప్రయాణంలో ద్రవాలు ఒక్కోటి 100 మిల్లీలీటర్లకు మించకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో ఉండాలి. 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడ్డ కుట్ర తర్వాత వచ్చిన రూలు అది. నెయ్యి, పచ్చడి కూడా ద్రవం లెక్కలోకే వస్తాయని చెబితే మా వాళ్లు గోంగూర డబ్బా నిశ్శబ్దంగా పెద్ద పెట్టెలోకి మారుస్తారు. మందులకూ పసిపిల్లల ఆహారానికీ మినహాయింపు ఉంది. శంషాబాద్‌లో సీఐఎస్‌ఎఫ్ జవాన్లు నా ఇన్సులిన్ చూసి ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, ఆ మాట చెప్పకపోతే తప్పు.

ఇంకో సంగతి కూడా గుర్తుంది. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు శబరిమల భక్తులు ఇరుముడిలోని కొబ్బరికాయను చేతిసామానులోనే తీసుకెళ్లొచ్చని ప్రకటించారు. 2025 జనవరి 20 వరకు, తగిన తనిఖీల తర్వాత, అనుమతిచ్చారు. కొచ్చికి విమానంలో వెళ్లే మా కాలనీ స్వాములకు అది ఎంత ఊరటో నేను చూశాను. భద్రతకు లోటు లేకుండా, జనం అవసరం గుర్తించి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది స్పష్టంగా చెప్పిన నిర్ణయం అది. ఇప్పుడు మేం అడుగుతున్నది మందుల సంచికి కూడా అలాంటి స్పష్టతే.

బయటి దేశాల్లోనూ ఈ పంచాయితీ నడిచింది. చేతిసామాను ప్రయాణంలో విడదీయలేని భాగమనీ, బరువూ కొలతా సమంజసంగా ఉండి, భద్రతా నియమాలకు లోబడి ఉంటే దానికి వేరే డబ్బు తీసుకోకూడదనీ యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014లోనే చెప్పింది. 2025లో అక్కడి పెద్ద సంస్థల సంఘం 40×30×15 సెంటీమీటర్ల చిన్న సంచిని ఉచితంగా అనుమతిస్తామని ఒప్పుకుంది. ఆ కొలత సంచిలో నేను పైన చెప్పిన మందులు, కాగితాలు, బ్యాటరీ, ఒక జత బట్టలు, తినడానికి ఏదైనా, ఖాళీ నీళ్ల సీసా పడతాయి. ఇంట్లో టేపు పెట్టి కొలిచి, సర్ది చూశాను. మన జనానికి అంతకంటే పెద్దది అక్కర్లేదు.

సంస్థల కష్టం కూడా నాకు తెలియకపోలేదు. కొందరు రెండు పెట్టెలు, మూడు కవర్లు, పైన ఒక దిండు తెచ్చి అర మొత్తం ఆక్రమిస్తారు. ఆలస్యమైతే మాట పడేది సిబ్బందే. గేటు దగ్గర నిలబడే పిల్లలు కూడా పాతికేళ్ల లోపువాళ్లే, పైవాళ్లు చెప్పింది చేస్తున్నారు. అలాంటి గొడవలు తగ్గాలన్నా గీత ఎక్కడుందో ముందే తెలియాలి.

కాబట్టి ఈ కింది పనులు చేయాలని కోరుతున్నాం.

1. 7 కిలోల చేతిపెట్టెతో పాటు, సీటు కింద పట్టే ఒక చిన్న సంచిని ప్రతి ప్రయాణికుడికీ, ఆడా మగా తేడా లేకుండా, ఉచితంగా అనుమతించాలి. దాని కనీస కొలత 40×30×15 సెంటీమీటర్లు, కనీస బరువు పరిమితి 3 కిలోలు అని డీజీసీఏ, బీసీఏఎస్ కలిసి ఒకే ఉత్తర్వులో రాయాలి. అంతకంటే ఎక్కువ ఇవ్వాలనుకునే సంస్థ ఇచ్చుకోవచ్చు, తగ్గించకూడదు.

2. డాక్టరు చీటీ ఉన్న మందులు, ఇన్సులిన్, సీప్యాప్ లాంటి మిషన్లు, పసిబిడ్డ ఆహారం, ఊతకర్రలు ఏ తూకంలోనూ కలపకూడదు. 2000 నాటి మినహాయింపుల జాబితాను ఈ కాలానికి తగ్గట్టు తిరగరాయాలి. బైనాక్యులర్ ఉంచినా మాకు అభ్యంతరం లేదు.

3. సామాను చూసి నిర్ణయించడం కౌంటర్ దగ్గరో, తనిఖీకి ముందో జరిగిపోవాలి. ఒకసారి ట్యాగు కట్టిన సంచిని, తర్వాత అందులో ఏమీ చేర్చనంత వరకు, గేటు దగ్గర మళ్లీ వసూలుకు వాడకూడదు. కౌంటర్‌కు రాకుండా వెళ్లేవాళ్ల కోసం శంషాబాద్‌లో డిపార్చర్ ద్వారాల దగ్గర, తనిఖీ లైను మొదట్లో, ఉచిత కాటాలూ కొలత చట్రాలూ పెట్టాలి. ఈ పని విమానాశ్రయ నిర్వాహకుల చేతిలోనే ఉంది, ఢిల్లీ ఉత్తర్వు కోసం ఆగక్కర్లేదు.

4. డబ్బు తీసుకునే ప్రతి కాటాకూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, అంకెలు ప్రయాణికుడి వైపు కనబడాలి. రసీదులో బరువు, కొలత, ఏ రూలు కింద ఎంత తీసుకున్నారు అన్నవి రాయాలి. కంటి అంచనాతో వసూలు చేయడం ఆపాలి.

5. టికెట్ కొనే తెర మీదే, డబ్బు కట్టకముందే, పెట్టె కొలత, చిన్న సంచి కొలత, అదనపు రుసుము కనబడాలి. ఏజెంటు ఇచ్చే ప్రింటు మీద కూడా ఉండాలి. హైదరాబాద్ నుంచి బయల్దేరే టికెట్లకు ఇవే వివరాలు తెలుగులోనూ ఎస్సెమ్మెస్‌గా పంపాలి, విమానాశ్రయంలో తెలుగు బోర్డులు పెట్టాలి.

6. చోటు లేక క్యాబిన్ పెట్టెను కిందికి పంపేటప్పుడు, బ్యాటరీలు, మందులు, కాగితాలు తీసుకోమని తెలుగులో చెప్పి, తీసుకునేదాకా ఆగి, చిన్న సంచి లేనివాళ్లకు ఒక గుడ్డసంచి ఇవ్వాలి.

7. గేటు వసూళ్ల మీద ఫిర్యాదు చేస్తే 15 రోజుల్లో, రూలు నంబరు పేర్కొంటూ, మనిషి రాసిన జవాబు ఇవ్వాలి. రూలు చూపించలేకపోతే డబ్బు తిరిగి ఇవ్వాలి. ఏ విమానాశ్రయంలో ఏ సంస్థ గేటు దగ్గర ఎంత వసూలు చేసిందో డీజీసీఏ నెలనెలా బయటపెట్టాలి. విమానాల ఆలస్యాల లెక్కలు వేస్తూనే ఉన్నారు కాబట్టి ఇది కష్టమైన పని కాదు.

వీటిలో మూడోది, నాలుగోది, ఆరోది వచ్చే వారం నుంచే మొదలుపెట్టొచ్చు. మొదటి రెండింటికి ఉత్తర్వు కావాలి, సమయం పడుతుందని తెలుసు. ముసాయిదా తయారుచేసినప్పుడు ప్రయాణికుల అభిప్రాయం కూడా అడగండి, తెలుగులో రాసి పంపే వీలు కల్పించండి. మా కాలనీ నుంచి ఎంతమంది రాస్తారో మీరే చూస్తారు.

ఈ లేఖ ప్రతిని నా రసీదు, ఆ సంస్థ పంపిన రెండు జవాబులతో కలిపి మీ కార్యాలయాలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ఇది చదివిన ప్రయాణికులు గేటు దగ్గర ఇచ్చిన రసీదులు పారేయకుండా దాచుకోవాలని, ఏ రూలు కింద తీసుకున్నారో అక్కడే రాసి ఇవ్వమని అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
తపాలా శాఖ రిటైర్డ్ ఉద్యోగి,
మల్కాజిగిరి, హైదరాబాద్